విద్యుత్ వికర్షణ సింగులారిటీని ఆపగలదా?

ఇంధనం అయిపోయిన పెద్ద నక్షత్రం తన బరువు కింద తానే కూలిపోతుంది. దాన్ని ఆపే ఒత్తిడి ఏదీ మిగలకపోతే పదార్థమంతా చివరికి ఒక బిందువులోకి నలిగిపోతుందని, అక్కడ సాంద్రత, స్థలకాల వక్రత అనంతమవుతాయని సాధారణ సాపేక్షత సిద్ధాంతపు లెక్కలు చెబుతాయి. సింగులారిటీ అంటే అదే. ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. కూలుతున్న పదార్థానికి విద్యుత్ ఛార్జ్ ఉంటే ఏమవుతుంది? ఒకే రకం ఛార్జ్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా. పైగా రెండు ప్రోటాన్ల మధ్య ఉండే విద్యుత్ వికర్షణ, వాటి మధ్య గురుత్వాకర్షణ కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఎన్ని రెట్లంటే, 1 పక్కన 36 సున్నాలు పెట్టాలి. అంత బలం అడ్డుపడుతుంటే నక్షత్రం బిందువుగా ఎలా నలుగుతుంది?

ముందు న్యూటన్ లెక్క చూద్దాం. గురుత్వాకర్షణ, విద్యుత్ వికర్షణ రెండూ దూరం వర్గానికి విలోమానుపాతంలో మారతాయి. దూరం సగమైతే రెండూ నాలుగు రెట్లవుతాయి. అందుకే మొదట్లో దేనిది పైచేయి అయితే చివరిదాకా దానిదే పైచేయి. ఛార్జ్ ఎక్కువగా ఉంటే గోళం అసలు కూలడమే మొదలుపెట్టదు. తక్కువగా ఉంటే కొంచెం నెమ్మదిగానైనా బిందువు దాకా కూలిపోతుంది. మధ్యలో మనసు మార్చుకోవడం ఉండదు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో కథ ఇంత సూటిగా నడవదు. అక్కడ ఛార్జ్ తక్కువగా ఉన్న పదార్థం కూడా లోపలికి వెళ్లి వెనక్కి తిరగగలదు. చూడగానే ఇది సింగులారిటీ నుంచి తప్పించుకునే దారిలాగే కనిపిస్తుంది. అయితే గత 60 ఏళ్ల పరిశోధన తేల్చినదాని ప్రకారం, ఛార్జ్ ప్రమాదాన్ని తీసేయదు, దాన్ని ఇంకో చోటికి మారుస్తుంది.

నిజమైన నక్షత్రాల్లో ఇంత ఛార్జ్ ఉంటుందా అంటే, ఉండదు. సూర్యుడంత ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్ మోయగల గరిష్ఠ ఛార్జ్ సుమారు 1.7×10²⁰ కూలుంబులు. చాలా పెద్ద అంకెలా ఉన్నా, పదార్థం లెక్కలో చూస్తే ఇది చాలా చిన్నది. 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని హైడ్రోజన్ పరమాణువులు తీసుకుని, వాటిలో ఒక్కదాని నుంచి ఎలక్ట్రాన్ తీసేస్తే ఆ నిష్పత్తి వచ్చేస్తుంది. కానీ ఆ కొంచెం ఛార్జ్ కూడా నక్షత్రం మీద నిలవదు. సూర్యుడి మీద ధన ఛార్జ్ సుమారు 150 కూలుంబులు దాటితే, విడిగా ఉన్న ప్రోటాన్‌ను గురుత్వాకర్షణ పట్టి ఉంచలేదు, వికర్షణ దాన్ని బయటికి నెట్టేస్తుంది. చుట్టూ ఉన్న వాయువులోంచి వ్యతిరేక ఛార్జ్ కూడా వచ్చి చేరుతుంది. కాబట్టి ఆకాశంలోని బ్లాక్ హోల్స్ దాదాపు తటస్థంగానే ఉంటాయని భావిస్తారు.

మరి ఛార్జ్ ఉన్న పదార్థం మీద ఇన్ని దశాబ్దాల పని ఎందుకు? దీనికి గట్టి కారణమే ఉంది. ఆకాశంలోని బ్లాక్ హోల్స్ తిరుగుతుంటాయి. ఐన్‌స్టీన్ సమీకరణాలకు తిరిగే బ్లాక్ హోల్‌ను వర్ణించే సమాధానాన్ని 1963లో రాయ్ కెర్ కనిపెట్టాడు. దాని లోపలి నిర్మాణం ఛార్జ్ ఉన్న బ్లాక్ హోల్ నిర్మాణాన్ని చాలావరకు పోలి ఉంటుంది. రెంటిలోనూ రెండు హొరైజన్‌లు, అంటే ఒకవైపే దాటగలిగే హద్దులు, ఉంటాయి, రెంటిలోనూ లోపలి హొరైజన్ దగ్గరే చిక్కు మొదలవుతుంది. తిరిగే వస్తువుకు గోళాకార సౌష్ఠవం (ఏ దిక్కు నుంచి చూసినా ఒకేలా ఉండే గుణం) ఉండదు కాబట్టి సమీకరణాలు భయంకరంగా మారతాయి. ఛార్జ్ ఉన్న గోళానికి ఆ సౌష్ఠవం ఉంటుంది, లెక్క కాగితం మీద నడుస్తుంది. అందుకే తిరిగే బ్లాక్ హోల్‌ను అర్థం చేసుకోవడానికి భౌతికశాస్త్రవేత్తలు ఛార్జ్‌ను ప్రయోగశాలగా వాడుకుంటారు.

ఛార్జ్ ఉన్న గోళం బయట స్థలకాలం ఎలా ఉంటుందో మొదట 1916లో హాన్స్ రైస్నర్, తర్వాత 1918లో గున్నర్ నార్డ్‌స్ట్రోమ్ విడివిడిగా లెక్కగట్టారు. రైస్నర్ వృత్తిరీత్యా విమానాల ఇంజినీర్. ఐన్‌స్టీన్ తన సమీకరణాలను పూర్తిచేసిన కొద్ది నెలలకే ఒక ఇంజినీర్ ఈ సమాధానం రాబట్టడం ఇప్పుడు చదివినా అబ్బురంగానే ఉంటుంది. ఆ సమాధానం ప్రకారం, ఛార్జ్ గరిష్ఠ పరిమితి కంటే తక్కువగా ఉన్న బ్లాక్ హోల్‌కు రెండు హొరైజన్‌లు ఉంటాయి. బయటిది దాటితే వెనక్కి రాలేం. దానికీ లోపలి హొరైజన్‌కూ మధ్య ఉన్న ప్రాంతంలో కేంద్రం వైపు కదలడం, కాలం ముందుకు సాగడం వేర్వేరు పనులు కావు. రేపటికి వెళ్లకుండా ఎవరూ ఆగలేనట్టే అక్కడ లోపలికి పడకుండా ఎవరూ ఆగలేరు. లోపలి హొరైజన్ కూడా దాటాక ఆ నిర్బంధం పోతుంది, మళ్లీ ఆగడానికి, తిరగడానికి వీలు చిక్కుతుంది.

పదార్థం అక్కడ నిజంగానే వెనక్కి తిరుగుతుంది. దీన్ని 1966లో సోవియట్ శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ ఛార్జ్ ఉన్న గోళానికి చూపించాడు. 1967లో వెర్నర్ ఇజ్రాయెల్, డి లా క్రూజ్‌తో కలిసి ఛార్జ్ ఉన్న పలుచని పొరకు చూపించాడు. ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఏమిటంటే, వెనక్కి తిప్పేది ప్రధానంగా ఛార్జ్‌ల మధ్య నెట్టుడు కాదు. ఛార్జ్ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రానికి శక్తి ఉంటుంది, శక్తి ఉన్న ప్రతిదీ గురుత్వాకర్షణలో పాలుపంచుకుంటుంది. బయటి నుంచి కొలిచే మొత్తం ద్రవ్యరాశిలో ఆ క్షేత్రపు వాటా కూడా కలిసి ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఆ వాటాలో ఎక్కువ భాగం బయటే ఉండిపోతుంది, లోపల మిగిలిన లెక్క తగ్గుతూ వస్తుంది. ఒక హద్దు దాటాక గురుత్వాకర్షణే వికర్షణగా మారుతుంది. ఛార్జ్ ఏమాత్రం లేని రాయిని వదిలినా కేంద్రం దాకా చేరకుండా వెనక్కి తిరుగుతుంది. పైగా పడే కణానికి సొంత ఛార్జ్ ఉంటే, కేంద్రానికి అతి దగ్గరలో ఈ తిప్పికొట్టే ప్రభావం పెరగకపోగా బలహీనపడుతుంది. న్యూటన్ ఊహతో చూసేవాళ్లకు ఇది పూర్తిగా తలకిందుల ఫలితం.

వెనక్కి తిరిగిన పదార్థం మన దగ్గరికి మాత్రం రాదు. బయటి హొరైజన్ ఒకవైపే తెరుచుకునే హద్దు కాబట్టి, లెక్క ప్రకారం అది వేరొక బాహ్య ప్రాంతంలోకి, అంటే ఇంకో విశ్వంలోకి తేలుతుంది. బయట నిలబడి చూసేవాళ్లకు బ్లాక్ హోల్ బ్లాక్ హోల్‌గానే ఉంటుంది.

ఈ లెక్కలన్నీ ఒక పొరకో, లేదా పొరలు క్రమం తప్పకుండా నడిచే గోళానికో వర్తిస్తాయి. ఒత్తిడి లేని పదార్థాన్ని ఈ రంగంలో ధూళి అంటారు. ధూళి కూలడం మీద తొలి పనిలో కోల్‌కతాకు పెద్ద పాత్ర ఉంది. ఛార్జ్ లేని ధూళి గోళం కూలే సమాధానాన్ని ఓపెన్‌హైమర్, స్నైడర్ 1939లో ప్రచురించారు. దానికి ఏడాది ముందే బి. దత్ ఆ తరహా సమాధానం రాశాడు. 1947లో సుధాంశు దత్త మజుందార్, అదే ఏడాది విడిగా పాపపెట్రూ, ఛార్జ్, ద్రవ్యరాశి సరిగ్గా సమతూకంలో ఉన్న స్థితిని కనుగొన్నారు. అలాంటి ధూళి ఏ ఆకారంలో ఉన్నా కదలకుండా నిలబడుతుంది. 1968లో యు.కె. డే, అమల్ కుమార్ రాయ్‌చౌధురి దీనికి రెండో వైపు కూడా తేల్చారు. ఛార్జ్ ఉన్న ధూళి సింగులారిటీ లేకుండా నిశ్చలంగా ఉండాలంటే ఆ సమతూకం తప్ప వేరే దారి లేదు. వెంట్రుకంత తేడా వచ్చినా కదలిక మొదలవుతుంది.

కదలిక మొదలైతే? ఛార్జ్ తక్కువగా ఉన్న ధూళి గోళంలో పొరలు ఒక్కొక్కటి ఒక్కో సమయంలో వెనక్కి తిరుగుతాయి. లోపలి పొర తిరిగి బయటికి వస్తుంటే బయటి పొర ఇంకా లోపలికి పడుతూ ఉంటుంది. అలాంటి గోళాల్లో పొరలు ఒకదాన్నొకటి దాటడం తప్పనిసరి అని 1991లో అమోస్ ఓరి చూపించాడు. పొరలు కలిసే చోట సాంద్రత అనంతమవుతుంది. ఇది కేంద్రంలోని సింగులారిటీ అంత తీవ్రమైనది కాదు. అయినా ఆ చోటుకు ధూళి అనే నమూనా ఇక పనిచేయదు. తిరుగు ప్రయాణం సాఫీగా జరుగుతుందన్న ఆశకు ఇది మొదటి దెబ్బ.

ఇంకో దిక్కు నుంచి కూడా ఆలోచించవచ్చు. ఛార్జ్ గరిష్ఠ పరిమితిని మించితే రైస్నర్-నార్డ్‌స్ట్రోమ్ సమాధానంలో హొరైజన్ అసలు ఉండదు, సింగులారిటీ బయటికి కనిపిస్తుంది. దాన్ని నగ్న సింగులారిటీ అంటారు. ప్రకృతి అలాంటివాటిని బయటపడనివ్వదని 1969లో రోజర్ పెన్‌రోజ్ ప్రతిపాదించాడు. కాస్మిక్ సెన్సార్‌షిప్ అని పేరు పెట్టిన ఆ ఊహకు ఇప్పటికీ పూర్తి నిరూపణ లేదు. మరి పరిమితికి సరిగ్గా అంచున ఉన్న బ్లాక్ హోల్‌లోకి ఇంకొంచెం ఛార్జ్ వేస్తే? 1974లో రాబర్ట్ వాల్డ్ ఈ ప్రశ్నే వేసుకున్నాడు. జవాబు చాలా అందంగా ఉంటుంది. ఆ కణం వికర్షణను దాటి హొరైజన్‌ను చేరాలంటే కనీసం తన ఛార్జ్‌కు సమానమైన శక్తి వెంట తీసుకెళ్లాలి. ఆ శక్తి బ్లాక్ హోల్ ద్రవ్యరాశిలో కలుస్తుంది. ఛార్జ్ ఎంత పెరిగిందో ద్రవ్యరాశి కనీసం అంత పెరుగుతుంది, పరిమితి దాటడం కుదరదు. 1999లో వెరోనికా హుబేనీ, అంచుకు కొంచెం ఇవతల మొదలుపెడితే దాటవచ్చేమోనని చూపించింది. పడే కణం సొంత క్షేత్రం వల్ల కలిగే చిన్న సవరణలను కూడా కలిపి లెక్కేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుందని 2017లో సోర్స్, వాల్డ్ చూపించారు.

అంచును దాటలేం సరే, అంచు దాకా చేరగలమా? 1973లో బార్డీన్, కార్టర్, హాకింగ్ బ్లాక్ హోల్స్‌కు ఉష్ణగతిక నియమాలను పోలిన నియమాలు రాశారు. మూడో నియమం ప్రకారం పరిమిత కాలంలో ఆ అంచు స్థితిని చేరలేం. 1986లో వెర్నర్ ఇజ్రాయెల్ దానికి నిరూపణ కూడా ఇచ్చాడు, దశాబ్దాల పాటు అది స్థిరపడిన విషయంగానే ఉండిపోయింది. 2022లో క్రిస్టోఫ్ కేలే, రయన్ ఉంగర్ దాన్ని తోసిపుచ్చారు. ఛార్జ్ ఉన్న స్కేలార్ క్షేత్రాన్ని (దిశ లేకుండా పరిమాణం మాత్రమే ఉండే, పదార్థానికి సరళమైన గణిత నమూనా) జాగ్రత్తగా అమర్చి కూలనిస్తే, మొదట ఛార్జ్ లేని మామూలు బ్లాక్ హోల్ ఏర్పడి, తర్వాత పరిమిత కాలంలోనే అది సరిగ్గా గరిష్ఠ ఛార్జ్ ఉన్న బ్లాక్ హోల్‌గా మారుతుందని వాళ్లు గణితంగా నిరూపించారు. గణితంలో ఒక నమ్మకం తప్పని తేల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఛార్జ్ ఉన్న పదార్థం లేకపోతే ఆ ఉదాహరణ దొరికేది కాదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వికర్షణ ఉన్నా సింగులారిటీ ఎందుకు తప్పదు? దీనికి మూలం మళ్లీ రాయ్‌చౌధురి దగ్గరే ఉంది. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పనిచేస్తున్న రోజుల్లో, 1955లో ఆయన ఒక సమీకరణం ప్రచురించాడు. పక్కపక్కన ప్రయాణించే కణాల గుంపు దగ్గరవుతుందా, దూరమవుతుందా అన్నది అది చెబుతుంది. పదార్థం, శక్తి గుంపును దగ్గరికి లాగుతాయి. తిరుగుడు దూరం చేస్తుంది. కణాల మీద గురుత్వాకర్షణ కాక వేరే బలం ఉంటే దానికి విడిగా ఒక పదం వస్తుంది. ఛార్జ్ ఉన్న ధూళిలో విద్యుత్ వికర్షణ ఈ చివరి పదంలోనే ఉంటుంది. కాబట్టి ధూళి కణాలు తప్పనిసరిగా ఒక బిందువులో కలుస్తాయని ఈ సమీకరణం నుంచి చెప్పలేం. ఇక్కడిదాకా వికర్షణ వైపు వాదన నిలుస్తుంది.

1965లో పెన్‌రోజ్ పదార్థ కణాలను పక్కనపెట్టి కాంతి కిరణాలను పట్టుకున్నాడు. కాంతికి ఛార్జ్ లేదు. విద్యుత్ బలం దాన్ని నెట్టలేదు, సమీకరణంలో ఆ పదమే మాయమవుతుంది. మిగిలేది శక్తి లాగే లాగుడు. విద్యుత్ క్షేత్రపు శక్తి కూడా కాంతి కిరణాలను దగ్గరికే లాగుతుంది, ఎప్పుడూ దూరం చేయదు. ఒకసారి బయటికి పంపిన కాంతి కూడా కుంచించుకుపోయే ఉపరితలం ఏర్పడితే, ఏదో ఒక కిరణం ప్రయాణం పరిమిత దూరంలో ముగిసిపోవాల్సిందే. ఈ పనికే 2020లో పెన్‌రోజ్‌కు నోబెల్ వచ్చింది. ఆ లెక్కంతటికీ ఆధారం రాయ్‌చౌధురి సమీకరణం. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా కనిపించాలి.

అయితే పెన్‌రోజ్ సిద్ధాంతం చెప్పేది కిరణం ముగుస్తుందని మాత్రమే. అక్కడ సాంద్రత అనంతమవుతుందని అది అనదు. ఛార్జ్ ఉన్న బ్లాక్ హోల్‌లో తేడా బయటపడేది ఇక్కడే. కిరణం వెళ్లి ఆగేది లోపలి హొరైజన్ దగ్గర. దాని అవతల స్థలకాలం కొనసాగవచ్చు, కానీ అక్కడ ఏం జరుగుతుందో ఇవతలి సమాచారంతో నిర్ణయించలేం. ఈ కారణంగానే దాన్ని కోషీ హొరైజన్ అని కూడా అంటారు. అంటే వికర్షణ మనకు తెచ్చిపెట్టేది సింగులారిటీ లేని చోటు కాదు, భౌతికశాస్త్రం జోస్యం చెప్పలేని చోటు. నిజానికి ఇది ఇంకా పెద్ద నష్టం.

ఆ హొరైజన్ కూడా నిలకడగా ఉండదు. బయటి విశ్వంలో అనంతకాలం పాటు జరిగేదంతా, దాన్ని దాటబోయే వ్యక్తికి తన గడియారం ప్రకారం కొద్ది క్షణాల్లోనే వచ్చి చేరుతుంది. దాంతో వచ్చే కాంతి పౌనఃపున్యం హద్దు లేకుండా పెరుగుతుంది. 1968లో పెన్‌రోజ్ గమనించిన విషయం ఇది. దీనికి ఎదురు వాదన లేకపోలేదు. బ్లాక్ హోల్ ఏర్పడ్డాక బయట మిగిలే అలజడి రోజురోజుకూ తగ్గిపోతుంది కదా, మరి ఎక్కడి శక్తి? ఆ తగ్గుదల ఎంత వేగంగా ఉంటుందో 1972లో రిచర్డ్ ప్రైస్ లెక్కగట్టాడు. అది కాలం యొక్క ఘాతంలా, అంటే సాపేక్షంగా నెమ్మదిగా తగ్గుతుంది. లోపలి హొరైజన్ దగ్గర శక్తి పెరుగుదల మాత్రం ఎక్స్‌పొనెన్షియల్, అంటే సమాన వ్యవధుల్లో అన్నే రెట్లు పెరుగుతూ పోతుంది. ఈ పోటీలో పెరుగుదలే గెలుస్తుంది.

1990లో ఎరిక్ పాయిసన్, వెర్నర్ ఇజ్రాయెల్ దాని ఫలితాన్ని చూపించారు. లోపలి ద్రవ్యరాశి కొలత హద్దు లేకుండా పెరిగిపోతుంది. దీన్ని మాస్ ఇన్‌ఫ్లేషన్ అంటారు. బయటి నుంచి కొలిచే బరువు ఏమాత్రం మారదు, లోపల మాత్రం వక్రత అనంతమవుతుంది. వికర్షణ తప్పించిందనుకున్న సింగులారిటీ కేంద్రంలో కాకుండా లోపలి హొరైజన్ మీదే మొలిచింది. కాకపోతే దాని స్వభావం వేరు. సాగదీసే బలం అనంతమైనా, అది పనిచేసే సమయం అతి తక్కువ కాబట్టి, వస్తువులో వచ్చే మొత్తం సాగుడు పరిమితంగానే ఉంటుందని 1991లో ఓరి చూపించాడు. 2003 తర్వాత మిహాలిస్ దాఫర్మోస్ దీన్ని కచ్చితమైన గణితంగా నిలబెట్టాడు. 2017లో జోనాథన్ లుక్‌తో కలిసి, తిరిగే బ్లాక్ హోల్ విషయంలో కూడా ఆ హొరైజన్ పూర్తిగా నలిగిపోదని చూపించాడు. ఛార్జ్ ప్రయోగశాలలో నేర్చిన పాఠం తిరిగే బ్లాక్ హోల్‌కు సరిపోయిందన్నమాట.

ప్రతిసారీ సరిపోదు. విశ్వ విస్తరణను వేగవంతం చేసే కాస్మలాజికల్ స్థిరాంకాన్ని లెక్కలో కలిపితే బయటి అలజడి కూడా ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతుంది, పోటీ సమానమవుతుంది. గరిష్ఠ ఛార్జ్‌కు చేరువలో ఉన్న బ్లాక్ హోల్‌లో తగ్గుదలే గెలవవచ్చని, అప్పుడు కోషీ హొరైజన్ బతికిపోతుందని 2018లో విటోర్ కార్డోసో బృందం చూపించింది. అదే ఏడాది హార్వే రియల్ సహా మరో బృందం, తిరిగే బ్లాక్ హోల్‌లో అలా జరగదని తేల్చింది. తిరిగే బ్లాక్ హోల్‌కు బదులు ఛార్జ్‌ను వాడేవాళ్లు ఈ తేడాను ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

పాత గణితంలో ఇంకో లోటు ఉండేది. దాఫర్మోస్ తొలి నమూనాలో ఛార్జ్ ముందే బ్లాక్ హోల్‌లో ఉంటుంది, కూలే పదార్థం తటస్థం. అలాంటి పదార్థం ఛార్జ్‌ను పుట్టించలేదు కాబట్టి, మామూలు నక్షత్రం కూలి అలాంటి బ్లాక్ హోల్‌గా మారడాన్ని అది వర్ణించలేదు. కేంద్రం ఉన్న నిజమైన పతనాన్ని చూడాలంటే పదార్థానికే ఛార్జ్ ఉండాలి. మాక్సిమ్ వాన్ డి మోర్టెల్ ఆ పని చేపట్టాడు. గోళాకార సౌష్ఠవంలో ఛార్జ్ ఉన్న క్షేత్రం కూలినప్పుడు, లోపలి హొరైజన్ మీద మొలిచే ఆ మెత్తటి సింగులారిటీ కేంద్రం దాకా విస్తరించి లోపలి ప్రాంతాన్నంతా తానే మూసేయలేదని 2019లో ఆయన నిరూపించాడు. కేంద్రానికి చేరేలోపు అది ఆగిపోవాలి, ఆ మిగిలిన చోట ఇంకా తీవ్రమైన సింగులారిటీ ఉండాలి. నోవికోవ్ లెక్కలో పదార్థం వెనక్కి తిరిగిన ఆ లోతుల్లో, మెత్తటి హద్దు ఒకటి, నలిపేసే హద్దు ఒకటి పక్కపక్కన ఉండాల్సి వస్తుంది. సౌష్ఠవం లేకుండా తిరుగుతూ కూలే నక్షత్రానికి కూడా ఇదే వర్తిస్తుందా అన్నదానికి నిరూపణ ఇంకా రాలేదు.